పడవ మాట: సాలీడును చంపొద్దంటోంది మా ఆవిడ

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ పురుగూ పుట్రా మీదే. వానలకు ముందు అందరూ పడవల మీద టార్పాలిన్లు తీస్తారు గదా, తీసినాక లోపల కాపురముండేవాళ్లు బయటపడతారు. ముప్పయ్యేళ్లు పులికాట్ ఒడ్డున పడవ ఇంజన్లు విప్పి బిగించినోణ్ణి, ఇప్పుడు తిరుపతిలో కొడుకింట్లో కూచోని ఈ జవాబులు రాస్తా ఉన్నా. నా చేతికి తగిలిందే చెప్తాను.

ప్రశ్న: అన్నా, మాది భీములవారిపాలెం. పక్షుల్ని చూసేదానికి వచ్చేవాళ్లను తిప్పను 18 అడుగుల ఫైబర్ పడవ పెట్టుకున్నాను. ఎండాకాలం సరస్సులో నీళ్లు తగ్గితే ఒడ్డుకు లాగి టార్పాలిన్ కప్పేస్తాను. ఈసారి తీసి చూస్తే సీట్ల కింద, లైఫ్ జాకెట్లలో, ఇంజన్ మూత లోపల అంతా సాలీళ్లే. సీట్ల మీద నల్లచుక్కలు. బొద్దింకల స్ప్రే డబ్బా ఒకటి మొత్తం కొట్టినాను. మూడు రోజులు లేవు, నాలుగో రోజు మళ్లీ వచ్చినాయి. మా ఆవిడ పుట్టిల్లు శ్రీకాళహస్తి. సాలీడును చంపితే ఊరుకోనంటుంది. చంపకుండా పడవ బాగుపడే దారి ఉందా?

జవాబు: తమ్ముడూ, కాళహస్తి ఆడబిడ్డను సాలీడును చంపనియ్యమని అడగడం, మదనపల్లె రైతును టమాటా మొక్క పీకమని అడిగినట్టే. ఆ ఊరి పేరులో మొదట ఉండేదే సాలీడు. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. లింగం మీద అది తన దారంతో గోపురాలు అల్లితే దీపం మంట తగిలి కాలిపోయిందనీ, కోపమొచ్చి ఆ దీపాన్నే మింగబోయిందనీ, అప్పుడు స్వామి కరుణించాడనీ కథ. మీ ఆవిడకు నాకంటే బాగా తెలిసుంటుంది. నేను మెకానిక్‌ని కాబట్టి నాకు ఆ కథలో ఒక్కటే కనపడుతుంది: సాలీడు గూడు కట్టింది దీపం పక్కన. ఈ మాట గుర్తు పెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముందు ఆ స్ప్రే సంగతి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏదో ఒక 'థ్రిన్' అని ముగిసే పేరు ఉంటుంది చూడు. పర్మెథ్రిన్, సైపర్‌మెథ్రిన్, ఇట్లాంటివి. మనిషికి పెద్ద చేటు లేకపోవచ్చు, చేపకూ రొయ్యకూ మాత్రం చుక్క చాలు. నువ్వు పడవలో కొట్టింది వానకో బకెట్ నీళ్లకో కడుక్కొని సరస్సులోకే పోతుంది. ఆ రొయ్య మీదనే కదా మీ పాలెంలో ఇంటింటి పొయ్యి వెలిగేది. అందుకని నీళ్ల మీదుండే పడవలో ఆ డబ్బా ఎత్తొద్దు. ఒడ్డున ఉన్నప్పుడు కొట్టినా, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ ఉతికిన నీళ్లు మట్టిలో పోయి.

మూడు రోజులకే ఎందుకు తిరిగొచ్చినాయంటావు. సీటు అడుగున, మూలల్లో, దూది ఉండలాంటి తెల్ల సంచులు చూసినావా? అవి గుడ్లు. ఒక్కో సంచిలో పదుల్లో ఉంటాయి, కొన్ని జాతులకు వందల్లో. పైనున్న పట్టు దాటి స్ప్రే లోపలికి సరిగ్గా దిగదు. తల్లి చచ్చినా పిల్లలు బయటికొస్తాయి. అదొకటి. రెండోది, గాలి. చలికాలం పొద్దన్నే మంచు విడిచేటప్పుడు నీళ్ల మీద ఎండకు మెరిసే సన్నటి దారాలు తేలుతా పోవడం నువ్వు చూసే ఉంటావు. వాటి కొసన ఆవగింజంత సాలీడు పిల్ల ఉంటుంది. గడ్డిపరక చివరకెక్కి, కాళ్ల మునివేళ్ల మీద లేచి, పిర్ర పైకెత్తి దారం వదుల్తుంది. గాలి లాగితే అదే ప్రయాణం. 1832లో డార్విన్ ఎక్కిన ఓడ దక్షిణ అమెరికా తీరానికి 60 మైళ్ల దూరంలో ఉంటే, తాళ్ల నిండా ఇట్లాంటి పిల్ల సాలీళ్లు వచ్చి దిగినాయని ఆయన రాసి పెట్టాడు. అంత సముద్రం దాటినవి నీ పడవను వదుల్తాయా? రాకుండా ఎవరూ ఆపలేరు. వచ్చినవి నిలవకుండా చెయ్యగలం, అంతే.

ఎక్కడ నిలుస్తాయి? తిండి దొరికే చోట. ఇప్పుడు కథలో దీపం దగ్గరికి రా. మీ రేవులో పడవలు కట్టే గుంజ మీద తెల్లటి బల్బు ఒకటి రాత్రంతా వెలుగుతుంటుందా? దానికి దోమలూ రెక్కల పురుగులూ మూగుతాయి, వాటికోసం సాలీడు దాని కింద గూడు కడుతుంది. బల్బు తీసెయ్యమనను, దొంగల భయం ఉంటుంది. తెల్లది మార్చి పసుపు వెలుగునిచ్చేది పెట్టు, పురుగులు తక్కువ వస్తాయి. నీ పడవ ఆ గుంజకు దూరంగా కట్టు. పడవలో రాత్రిపూట లైటు వదలొద్దు. బిస్కెట్ పొడీ, చేప పొలుసూ ఉండనియ్యొద్దు. వాటికి ఈగలొస్తే, ఈగలకోసం మన కాళహస్తి భక్తులొస్తారు.

టార్పాలిన్ కప్పే పద్ధతి కూడా మార్చు. చాలామంది దుప్పటి కప్పినట్టు బిగించి కడతారు. లోపల చీకటి, ఉక్క, కదలని గాలి, సాలీడుకు అంతకంటే ఏం కావాలి? నడిమధ్యన వెదురు బద్దను విల్లులా వంచి పెట్టి దాని మీద కప్పితే రెండు పక్కలా గాలి తోలుతుంది. గాలికి ఊగే చోట గూడు నిలవదు. లైఫ్ జాకెట్లు సీటు కింద కుప్ప పెట్టకుండా తాడు మీద ఆరేసినట్టు తగిలించు. టూరిస్టుకు ఇచ్చే ముందు రెండు చేతుల్తో ఒకసారి దులుపు. సాలీడంటే పిల్లలు కేకలు పెడతారు, అంతే. ఒడ్డున లాగిపెట్టిన పడవల్లో నాకు తేలు కూడా దొరికింది.

ఇప్పుడు ఉన్నవాటి సంగతి. వారానికోసారి బూజుకర్రతో దులిపితే సగం పని అయిపోయినట్టే. గూడు మాటిమాటికీ తెగే చోట సాలీడు ఎక్కువ రోజులు ఉండదు, దారం తయారు చెయ్యడం దానికీ ఖర్చే. పెద్దవాటిని చంపకుండా తీసేదానికి మా ఇంట్లో పద్ధతి, స్టీలు గ్లాసు, పాత పెండ్లిపత్రిక. గ్లాసు బోర్లించి, పత్రిక సందులో నుంచి మెల్లగా దూర్చి, అట్లనే ఎత్తి ఒడ్డున తుమ్మచెట్టు దగ్గర వదులు. పత్రిక మందంగా ఉండాలి, ఈమధ్య వచ్చే పల్చటివి వంగిపోతాయి. గుడ్ల సంచుల్ని పాత టూత్‌బ్రష్‌తో లేపి అదే చెట్టు మొదట్లో పెట్టు. మీ ఆవిడకు అభ్యంతరం ఉండదు, నీకు వచ్చే నెల పని తగ్గుతుంది.

నల్లచుక్కలు సాలీడు రెట్టలే. ఎండితే ఫైబర్‌ను పట్టేసుకుంటాయి. సబ్బునీళ్ల గుడ్డ వాటి మీద పావుగంట పరిచి పెట్టు, నానినాక వంటసోడా ముద్దతో రుద్దు. గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం ముట్టుకోవద్దు. ఫైబర్ మీద మెరుపు పొర గీసుకుపోతే ఆ గీతల్లో మురికి చేరి ఇంక ఎప్పటికీ పోదు.

నిమ్మతొక్కలు, పుదీనా నూనె సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. 2018లో కొందరు పరీక్ష చేసి చూస్తే నిమ్మనూనెను సాలీళ్లు లెక్కే చెయ్యలేదు, పుదీనా నూనె ఉన్న చోటును కొన్ని జాతులు తప్పించుకున్నాయి. కానీ మన ఎండకు ఆ వాసన ఎంతసేపు నిలుస్తుంది? డబ్బులు ఎక్కువుంటే కొనుక్కో.

ఇంకొక మాట చెప్పకపోతే నా మెకానిక్ బుద్ధి ఊరుకోదు. సాలీళ్లు ఎక్కువున్న పడవకు వాటిని వేటాడేది కూడా వస్తుంది. నడుము దారంలా సన్నగా ఉండి, తడిమట్టి ఉండలు మోసుకొచ్చి గూడు కట్టే కందిరీగ. గోడల మూలల్లో మట్టిగొట్టాలు చూసుంటావు. అది చిన్న కన్నం కనిపిస్తే వదలదు. ఒకసారి ఒకాయన పడవ తెచ్చినాడు. ఇంజన్ స్టార్టవుతుంది, పది నిముషాలు బాగా నడుస్తుంది, ఆగిపోతుంది. కాసేపుంటే మళ్లీ స్టార్టవుతుంది, మళ్లీ ఆగుతుంది. రెండు రోజులు కార్బురేటర్ విప్పి కడిగి, ప్లగ్ మార్చి, ఫిల్టర్ మార్చి, నా మీద నాకే అసహ్యమేసింది. ఆ పెద్దమనిషి ముందర పరువు పోయింది. చివరికి ఆగిన వెంటనే పెట్రోలు ట్యాంకు మూత తిప్పినా. 'ఉస్స్' మని గాలి లోపలికి లాక్కుంది. అప్పుడు తెలిసింది. ట్యాంకులోకి గాలి పోయే గొట్టం మూసుకుపోయి, పెట్రోలు పోయిన చోట గాలి చేరక, ఇంజన్‌కు పెట్రోలు అందడం లేదు.

గొట్టం చివర పడవ పక్కన ఉంది. పడవ మురికి రంగే, మట్టి రంగూ అదే, రెండు రోజులూ నా మోచెయ్యి దానికి తగుల్తానే ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మట్టి రాలి, లోపల్నించి సాలీళ్లు పడినాయి. చిన్నవి, ఆకుపచ్చవి, కాళ్లు పొట్టకు ముడుచుకొని. లెక్కపెట్టినా, పద్నాలుగు. చచ్చినాయనుకొని ఒకదాన్ని పుల్లతో తడితే కాలు ఒకటి మెల్లగా కదిలింది. కందిరీగ వాటిని కుట్టి కదలకుండా చేస్తుందే గానీ చంపదు. ఒకదాని మీద గుడ్డు పెట్టి మట్టితో మూసేస్తుంది. పిల్లపురుగు పుట్టినాక తాజా మాంసం. ఫ్రిజ్ లేని కాలం నుంచీ ఉన్న ఉపాయం. ఆ రోజు నేను చార్జీ తీసుకోలేదు.

ఇది మన పల్లెటూరి ఇంజన్లకే అనుకోవద్దు. 2011లో అమెరికాలో మాజ్దా కంపెనీ వేలకొద్దీ కార్లను వెనక్కి పిలిపించింది. ట్యాంకు గాలి గొట్టంలో ఒక జాతి సాలీడు గూడు కడుతోందని. పెట్రోలు వాసనకు అది వస్తుందని చెప్పినారు.

కాబట్టి గాలి గొట్టం చివర సన్నటి ఇత్తడి జాలీ ఒకటి బిగించు. గుడ్డ కుక్కొద్దు, మళ్లీ అదే రోగం వస్తుంది. అట్లనే ఇంజన్ నడిచేటప్పుడు వెనక నుంచి సన్నధారగా నీళ్లు చిమ్మే కన్నం ఉంటుంది గదా, దాన్నీ ఈ కందిరీగ మూసేస్తుంది. సీజన్ మొదట్లో సన్నటి తీగ ఒకటి దూర్చి చూడు. ధార రాకపోతే ఇంజన్ ఆపెయ్. నీళ్లు తిరుగుతున్నాయో లేదో చెప్పేది ఆ ధార ఒక్కటే. తిరగకుండా నడిపితే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది, అప్పుడు సాలీడు ఖర్చు కాదు, పిస్టన్ ఖర్చు.

ప్రశ్న: ఇరకం దీవి నుంచి రాస్తున్నా. రాత్రి తాడు మీద నడిచి ఎలుకలు పడవలోకి వస్తున్నాయి. వలలు కొరికేసినాయి, ఇంజన్ పైపు కూడా. విషం పెట్టమంటారా?

జవాబు: వద్దు. విషం తిన్న ఎలుక పడవ అడుగు చెక్కల కింద దూరి చస్తుంది. నాలుగో రోజుకు నీ పడవ ఎవరూ ఎక్కరు. చచ్చిన ఎలుకను గద్దో గుడ్లగూబో తింటే దానికీ చేటు.

తాడుకు అడ్డం పెట్టు. పెద్ద ఓడలకు రేవులో తాళ్ల మీద రేకు పళ్లేలు కట్టి ఉంటారు, అవి ఎలుకల కోసమే. పాత ప్లాస్టిక్ డ్రమ్ము మూత తీసుకొని, అడుగున్నర వెడల్పు తగ్గకుండా చూసుకో. నడుమ తాడు మందం కన్నం చేసి, అంచు నుంచి కన్నం దాకా ఒక కోత కొయ్యి. తాడుకు తొడిగి రెండు పక్కలా ముడి వెయ్యి. నీళ్ల మీద వేలాడే చోట ఉండాలి, గుంజకూ పడవకూ రెండు మూడడుగుల దూరంలో. దగ్గరగా పెడితే ఎగిరి దాటేస్తుంది. ఎలుకకు ఈత కూడా వచ్చు. కాబట్టి చేప కంపు కొట్టే వల పడవలో వదిలితే ఈదుకుంటూ అయినా వస్తుంది. వల ఇంటికి తెచ్చుకో.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఎలుకలు తిరిగిన పడవ అడుగున నిలిచిన నీళ్లలో వాటి ఉచ్చ కలుస్తుంది. కాలికి పుండున్నప్పుడు ఆ నీళ్లు తొక్కితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావొచ్చు. నీళ్లు తోడేటప్పుడు రబ్బరు బూట్లు వేసుకో, తర్వాత సబ్బుతో కడుక్కో. జ్వరమొచ్చి, కళ్లు ఎర్రబడి, పిక్కలు విపరీతంగా నొప్పి పెడితే డాక్టరుతో ఎలుకల పడవ సంగతి తప్పకుండా చెప్పు. చెప్పకపోతే ఆయనకు తట్టకపోవచ్చు.

ప్రశ్న: అన్నా, మాది సూళ్లూరుపేట. పక్షుల పండగ రోజుల్లో పడవల మీద తిరిగేవాళ్లకు చేపల పులుసు, అన్నం కట్టి పంపిస్తాను. సామాన్ల పెట్టెలో బొద్దింకలు చేరినాయి. తిండి ఉండే చోట మందు కొట్టను భయం.

జవాబు: భయపడ్డం మంచిదే అమ్మా. మీ ఇంట్లో క్యారమ్ బోర్డు ఉందా? దాని మీద చల్లే పౌడరు సాధారణంగా బోరిక్ పౌడరే. అది ఒక వంతు, గోధుమపిండి ఒక వంతు, చక్కెర కొంచెం, నాలుగు చుక్కల పాలు కలిపి గోలీలంత ఉండలు చెయ్యి. పెట్టె అడుగున, మూలల్లో, పిల్లల చెయ్యి అందని చోట, గిన్నెలకు తగలకుండా పెట్టు. తిన్న బొద్దింక అప్పుడే చావదు, వారం పది రోజులు ఓపిక పట్టాలి. ఆ ఉండలు తడిస్తే పనికిరావు, మార్చాలి.

అసలు అవి ఎట్ల వచ్చినాయంటే, నూటికి తొంభై పాళ్లు అట్టపెట్టెల్లో. పెద్ద ఎర్ర బొద్దింక పెట్టే ఒక్కో గుడ్ల డబ్బీలో 14, 16 పిల్లలుంటాయి, అట్ట మడతల్లో అంటించి పోతుంది. అంగట్లో నుంచి తెచ్చిన అట్టపెట్టెను పడవ దాకా తీసుకుపోవద్దు. సామాన్లు ఒడ్డునే ప్లాస్టిక్ బుట్టలోకి మార్చుకో. పులుసు రుచి సంగతి ఎవరో రాసి పంపినారు నాకు, అందుకే ఇంత శ్రద్ధగా చెప్తున్నా.

ప్రశ్న: రాయలచెరువులో చేపలు పట్టే పుట్టి మాది. కొత్తదే, ఏడాది కాలేదు. వెదురు బద్దల నుంచి పసుపు పిండి రాల్తోంది. సన్నటి కన్నాలున్నాయి. చెదలా?

జవాబు: చెద కాదు, పుప్పి. చెద మట్టి తెస్తుంది, ఇది పిండి చేస్తుంది. వెదురులో తియ్యటి పిండిపదార్థం ఉంటుంది, దానికోసం చిన్న నల్లపురుగు గుడ్లు పెడితే పిల్లలు లోపల తొలుచుకుంటూ పోతాయి. మీ పుట్టి అల్లినాయన పచ్చివెదురు నానబెట్టకుండా అల్లేసుంటాడు. పూర్వం వెదురు నరికినాక రెండు మూడు వారాలు నీళ్లలో ముంచి పెట్టేవాళ్లు. ఆ నీళ్లు ముక్కు మూసుకునేంత కంపు కొడతాయి. ఆ కంపే పిండిపదార్థం బయటికి పోయిందనేదానికి గుర్తు. తర్వాత నీడలో ఆరబెట్టి అల్లుతారు. అమావాస్య ముందు నరికితే పుప్పి పట్టదని మా తాత చెప్పేవాడు. నేను రెండు రకాలుగానూ నరికి చూసినా, నానబెట్టిందే నిలబడింది.

ఇప్పుడు పైన తొడిగిన పట్టా విప్పు. వేలితో నొక్కితే పొడైపోయే బద్దల్ని తీసి కొత్తవి కట్టు. మిగతా బుట్టను రాళ్లు పెట్టి చెరువులోనే రెండు వారాలు ముంచు, పైకి తీసి నీడలో పూర్తిగా ఆరనిచ్చి తారు పూసి పట్టా తొడుగు. తడి మీద తారు పూస్తే పెచ్చులు లేస్తుంది. కిరసనాయిలు పుయ్యమని నీకెవరైనా చెప్తే వినొద్దు, చేపలకు ఆ వాసన పడుతుంది, ఆ చేపలు నువ్వే అమ్మాల.

ప్రశ్న: మేము తిరుపతిలో ఉంటాం. మా తమ్ముడి చిన్న పడవ స్థలం లేక మా మేడ మీద పెట్టాం. వానాకాలం దోమలు భరించలేకపోతున్నాం. పడవకూ దోమలకూ సంబంధం ఉందా?

జవాబు: తిరుపతిలో మేడ మీద పడవ! మన్నించండి సార్, చదివి మా కోడలికి కూడా చూపించి నవ్వుకున్నాం. సంబంధం ఉంది. మీ పడవ ఇప్పుడొక చెరువు. వాననీళ్లు నిలిస్తే దోమగుడ్డు దోమ అయ్యేదానికి వారం, పది రోజులు చాలు. డెంగీ తెచ్చే దోమకు ఇట్లాంటి శుభ్రమైన నీళ్లే ఇష్టం. ఈ రోజే ఆ నీళ్లు పారబోసి, పడవ బోర్లించి, అంచుల కింద నాలుగు ఇటుకలు పెట్టండి, గాలి ఆడుతుంది. నీళ్లు పారబోసినాక లోపల గోడల్ని చీపురుతో గట్టిగా రుద్దండి, ఆ దోమ నీటి అంచు పైన గుడ్లు అంటిస్తుంది, అవి ఎండినా చావవు. టార్పాలిన్ కప్పితే దాని మడతల్లో కూడా నీళ్లు నిలుస్తాయి, చూసుకోండి. ఇటుకల కింద బల్లులు చేరితే చేరనివ్వండి. మీ తమ్ముడికి స్థలం ఎప్పుడు దొరుకుతుందో నేను చెప్పలేను.